సామాన్ల కాడ ఒకరు

పోతులయ్యకు రెండే పిచ్చులు. ఒకటి పట్టు, రెండోది పాత రాళ్ళు. ధర్మవరంలో ఆయనకు మూడు మగ్గాలుండేవి. ఏడాదంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కదలకుండా కూర్చునే మనిషి, శివరాత్రి దగ్గర పడిందంటే చాలు, ఇంట్లో నిలిచేవాడు కాదు. ఇంటిల్లిపాదినీ రైలెక్కించి ఒకరోజు పెనుకొండ కోట, ఆపైన హిందూపురంలో దిగి రెండు రోజులు లేపాక్షి తిరునాళ చూపించుకొని వచ్చేవాడు. ఇది యాభై ఎనిమిది నాటి మాట. అప్పట్లో నేతగాళ్ళ ఇళ్ళలో ఊళ్ళు చూడటానికని పనిగట్టుకుని పోయేవాళ్ళు తక్కువ. అందుకని వీధిలో ఆయనకు కొంచెం పేరూ, కొంచెం ఎగతాళీ రెండూ ఉండేవి.

ఆయనకొక పట్టుదల కూడా ఉండేది. బయట హోటలు మెతుకు ముట్టకూడదు. "మన వంట మనమే చేసుకోవాల. సత్రంలో గది తీసుకుంటాం, పొయ్యి పెట్టుకుంటాం, మనం వండుకుంటాం, మనం తింటాం, మనం తిరిగి చూస్తాం. అదీ యాత్రంటే" అనేవాడు.

ఈ 'మనం' అనే మాట ఉందే, అది మహా గడుసుది. చెవికి అందరినీ కలుపుకున్నట్టే వినపడుతుంది. పోతులయ్య ఇంట్లో మాత్రం దాని లెక్క వేరు. మనం వండుకుంటాం అంటే కోడలు కమలాక్షి వండుతుందని. మనం తిరిగి చూస్తాం అంటే కమలాక్షి తప్ప మిగతావాళ్ళు చూస్తారని. తినే దగ్గర మాత్రం అందరూ ఉంటారు, అందులోనూ కమలాక్షిది చివరి వంతు.

కాపురానికి వచ్చి మూడేళ్ళయింది, ఇది మూడో యాత్ర. మొదటి ఏడు ఆమె ఎంతో మురిసిపోయింది. గుండిగలు, రాగి చెంబులు, బియ్యం మూట, చెనిగ్గింజల పొడి, ఓలిగలకు బెల్లం, అన్నీ తనే సర్దింది. తీరా లేపాక్షి చేరి అందరూ గుడికి బయలుదేరేటప్పుడు అత్త శంకరమ్మ గడప మీద ఆగి, "అందరం పోతే ఎట్ల? తలుపుకు గొళ్ళెమే గానీ బీగం లేదు. సామాన్ల కాడ ఎవరో ఒకరు ఉండాల గదా" అంది. ఆ ఎవరో ఒకరు ఎవరో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. రెండో ఏడూ అదే మాట, అదే గడప. రాత్రి దీపారాధన వేళకు ఒక్కసారి తీసుకుపోయి దండం పెట్టించి తీసుకొచ్చారు. ఆ చీకట్లో దేవుడే సరిగ్గా కనపడలేదు, ఇక పైకప్పు ఏం కనపడుతుంది?

కమలాక్షికి కావలసింది ఆ పైకప్పే. దేవుడి మీద భక్తి లేక కాదు, అంతకంటే తొందర పని ఇంకొకటి ఉంది. ఆమె తండ్రి మార్కండేయులు పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక్కసారి లేపాక్షికి వచ్చి, మంటపం పైకప్పు మీద రంగుబొమ్మలను మెడ పట్టేసేదాకా చూశాడు. అందులో ఒక పెళ్ళికూతురి చీర అంచు ఆయన కళ్ళలో ఉండిపోయింది. ఇంటికొచ్చి, గుర్తున్నంత వరకు ఆ మొగ్గల వరుసను పట్టులో దించాడు. ఊరంతా దాన్ని మార్కండేయుల అంచు అనేవాళ్ళు. కానీ ఆయనకు ఒక అనుమానం పురుగులాగ పట్టుకుంది. ఆ మొగ్గలు పైకి చూస్తాయా, కిందికి చూస్తాయా? పైకనుకుని నేశాడు. నేసిన ప్రతి చీరకూ తప్పు చేశానేమోనని నొచ్చుకునేవాడు. ఇప్పుడు కళ్ళు రెండూ పోయి మంచంలో ఉన్నాడు. మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే.

పోయిన రెండేళ్ళూ యాత్ర నుంచి రాగానే ఆమె పుట్టింటికి పోతే, అలికిడి విని ఆయన మెడ ఎత్తి, "చూసినావా తల్లీ? పైకా, కిందికా?" అని అడిగాడు. చూడలేదని చెప్పలేక కమలాక్షి చచ్చిపోయింది. మొగుడు కుళ్ళాయప్పను చూసి రమ్మని బతిమాలితే మొదటి ఏడు వచ్చి "పైకే" అన్నాడు, రెండో ఏడు వచ్చి "కిందికి" అన్నాడు. ఆ మహానుభావుడు రెండుసార్లూ బొరుగుల అంగడి దాటి లోపలికి పోనే లేదని తర్వాత తెలిసింది.

ఈ ఏడు మార్కండేయులు అడగడం కూడా మానేశాడు. మాఘం మొదట్లో ఆమె చూడటానికి పోతే, "పోనీలే తల్లీ, ఇంక నాకెందుకు" అన్నాడు. ఈసారి చూడకుండా తిరిగి వస్తే ఆయన ఇంక బతికి ఉండడని కమలాక్షికి తెలిసిపోయింది.

అందుకే హిందూపురంలో రైలు దిగి బండి మాట్లాడే సందులో, గాజులకని ఇచ్చిన దుడ్లతో బజారులో ఒక బీగం కొనింది. అంగడివాడు నాలుగు రకాలు చూపిస్తే, "గట్టిది ఇయ్యప్పా, గడ్డపారకు కూడా రాకూడదు" అని ఏరి ఏరి అరచెయ్యంత అలీగఢ్ బీగం తీసుకుంది. పెట్టె అడుగున దాచింది.

తేరు లాగే రోజు మధ్యాహ్నం అందరూ తిని చేతులు కడుక్కున్నారు. శంకరమ్మ అలవాటుగా గడప మీద ఆగి నోరు తెరవబోయింది. కమలాక్షి బీగం తీసి అత్త చేతిలో పెట్టింది.

"ఇంక ఎవరూ ఉండే పని లేదత్తా. అందరం పోవచ్చు."

శంకరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బలే ఉండాదే" అని కొడుక్కు ఇచ్చింది. పోతులయ్య సంబరపడ్డాడు. "చూసినారా, బుర్రంటే అదీ. ఇంక మనమంతా కలిసి పోదాం పదండి" అన్నాడు.

మూడేళ్ళకు ఆ 'మనం'లో తనకూ చోటు దొరికిందని కమలాక్షికి గుండె పొంగింది. వెనక పెరట్లోకి పరుగెత్తి, గుండిగ బోర్లించి, లోపలి గదిలో చీర మార్చుకుంది. తండ్రి నేసిన చీర, మొగ్గల అంచుది. కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండగా ముందు తలుపు మూసిన చప్పుడు, ఆ వెంటనే టక్కుమని బీగం పడిన చప్పుడు వినపడ్డాయి.

"ఇదో, నేను ఈడే ఉండా" అని తలుపు కొట్టింది. సరిగ్గా అప్పుడే వీధిలో తప్పెట్లు మొదలయ్యాయి. ఇంకెవరికి వినపడుతుంది?

పెరటి గోడ రెండు నిలువులెత్తు, పైన గాజు పెంకులు. కిటికీకి ఇనుప కమ్మీలు. ఆ కమ్మీలు పట్టుకుని ఆమె పిలవగా పిలవగా చివరికి సత్రం కాపలాదారు లింగప్ప వచ్చాడు. మడకశిర వైపు మనిషి, సగం కన్నడం సగం తెలుగు.

"ఏనమ్మా, లోపల ఎవరూ లేరనుకుంటినే."

"మా వాళ్ళు మరిచిపోయి బీగం వేసినారన్నా. కొంచెం తియ్యి."

"నేనేం చేసేదమ్మా, కీ నా కాడ లేదు." అతను బీగాన్ని చేత్తో ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది మామూలుది కాదు. గడ్డపారకు కూడా రాదు."

కమలాక్షికి నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది.

లింగప్ప మంచివాడు. మీవాళ్ళను పిలుచుకొస్తానని పోయి, ఆ జనంలో ఎవరిని అడగాలో తెలియక తిరిగొచ్చాడు. కమలాక్షి కిటికీ దగ్గరే కూర్చుంది. వాళ్ళకు గుర్తొస్తుంది కదా అనుకుంది. గుడి వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడు గుర్తొస్తుంది. టెంకాయ కొట్టేటప్పుడు గుర్తొస్తుంది. తేరు కదిలేటప్పుడు, జనం తోసుకునేటప్పుడు, మనవాళ్ళంతా ఉన్నారా అని ఒకసారి వెనక్కి చూసుకుంటారు కదా. ఎండ కిటికీ నుంచి గోడకు, గోడ నుంచి పైకప్పుకు పాకింది. వీధిలో తేరు వెళ్ళిన కేకలు వినపడ్డాయి. ఎవరూ రాలేదు. ఆకలి లేదు, దప్పిక లేదు, చెయ్యడానికి పని లేదు. చివరికి ఏం చేసిందంటే, లేచి పొయ్యి ముట్టించి రాత్రికి వంట చేసింది. ఆమె చేతులకు అదొక్కటే తెలుసు పాపం.

పొద్దుగూకే వేళకు బీగం తెరుచుకుంది.

"ఇంకా ఈడే ఉండావా? అమ్మతో ముందు పోయినావనుకుంటి" అన్నాడు కుళ్ళాయప్ప.

"నేను నీతో వెనక వస్తాందనుకుంటి" అంది శంకరమ్మ.

"నాయనతో ఉండాదనుకుంటి" అంది ఆడబిడ్డ నాగమ్మ, చేతిలో కొత్త గాజులు చూసుకుంటూ.

నాలుగు గంటలు. నలుగురు మనుషులు. కమలాక్షి ఏది అని ఒక్కరూ ఒక్కరినీ అడగలేదు. కావాలని వదిలి పోయినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు, అప్పుడు కనీసం ఆమె గుర్తుండేది వాళ్ళకు. సామాను మధ్య ఆమె ఉండటం గుండిగ ఉన్నంత మామూలయిపోయింది.

పోతులయ్య మూత ఎత్తి, "వంట కూడా అయిపోయిందే" అని సంతోషంగా కూర్చున్నాడు. శంకరమ్మ మాత్రం కోడలి ఒంటి మీది చీరనూ, పొయ్యి మీది పప్పునూ మార్చి మార్చి చూసింది. ఆ పూట సరిగా తినలేదు.

మరునాడు ఎనిమిదింటికి హిందూపురం బండి. ఇక చూసేది లేదు, పోయేదే. తెల్లవారుతుండగా కమలాక్షి లేచింది. నలుగురూ నిద్రలో ఉన్నారు. గూట్లో బీగం, దాని పక్కనే తాళంచెవి. తిరునాళలో దొంగల భయం, నిద్రపోయేవాళ్ళున్న గదిని తెరిచి పోకూడదు. ఈ కారణం ఆమె తనకు తానే చెప్పుకుంది. నిజానికి కారణం అది కాదని ఆమెకూ తెలుసు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి, బీగం పెట్టి, టక్కుమన్న ఆ చప్పుడు వినింది. మొగ్గల అంచు చీర కుచ్చిళ్ళను బొడ్లో దోపుకుని గుడి వైపు ఉరికింది.

మంటపంలోకి పొద్దు ఏటవాలుగా వచ్చి కింది బండల మీద పడి, ఆ వెలుగు పైకి కొడుతోంది. మూడేళ్ళుగా కలల్లో చూసిన పైకప్పు. రంగులు అక్కడక్కడ రాలిపోయాయి. కానీ పెళ్ళికూతురు ఉంది, చీర ఉంది, అంచు ఉంది. కమలాక్షి మెడ పట్టేసేదాకా చూసింది. మొదట నమ్మలేక వేలితో గాల్లో ఒక్కో మొగ్గనూ లెక్కపెట్టుకుంటూ మళ్ళీ చూసింది. కళ్ళనిండా నీళ్ళు ఊరితే తుడుచుకుని మూడోసారి చూసింది.

సత్రం దగ్గరికి వచ్చేసరికి బండి ముందే వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. బండివాడు అరుగు మీద బీడీ తాగుతున్నాడు. కిటికీ కమ్మీలు పట్టుకుని శంకరమ్మ నిలబడి ఉంది. ఎదురుగా లింగప్ప చేతులు నలుపుకుంటున్నాడు.

"నేనేం చేసేదమ్మా, కీ నా కాడ లేదు" అంటున్నాడు.

కమలాక్షి బీగం తీసింది. చెంప మీద పడుతుందని కళ్ళు మూసుకుంది. శంకరమ్మ బయటికి వచ్చింది. లోపల ఇంకా గురక వినపడుతోంది. తలుపు తన వెనక తానే దగ్గరికి వేసింది.

"పైకా, కిందికా?" అని అడిగింది.

కమలాక్షి కళ్ళు తెరిచింది. అత్తకు ఆ ప్రశ్న తెలుసునని ఆమె అనుకోలేదు.

"ఒకటి పైకి, ఒకటి కిందికి అత్తా. వరసంతా అట్లే. మా నాయన సగం సరిగానే నేసినాడు."

శంకరమ్మ కమ్మీల తుప్పు అంటిన అరచేతులు చీరకు తుడుచుకుంది.

"నేను కాపురానికొచ్చినాక మా అత్త బతికిన పద్దెనిమిదేండ్లూ ఆ పొయ్యి కాడ ఉన్నింది నేనే" అంది. "ఆమె పోయి నువ్వొచ్చినాక లోపలికి పోబడితి. ఏటేటా పోతానే ఉండా. ఒక్కసారి గూడా తలెత్తి చూడలే. ఆడ నిలబడినా, చెంబులు ఉండాయో లేదో అని ఒకటే ద్యాస. పైన బొమ్మలుండాయని అందరూ అంటా ఉంటే, ఉంటాయిలే అనుకుంటి."

లోపల మంచం కిర్రుమంది. "అమ్మా, ఉగ్గాని అయిందా?" అని కుళ్ళాయప్ప నిద్ర గొంతు వినపడింది.

శంకరమ్మ గడప దిగి, కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"పొద్దు ఇంకా మంటపంలో ఉండాదా?"

"ఇంకా కాసేపు ఉంటాది."

"పద. మనం పోయొద్దాం."

ఎవరెవరు అని కమలాక్షి అడగలేదు. ఈసారి ఆ మాటలో ఎవరున్నారో ఆమెకు తెలుసు. నాలుగడుగులు వేసి శంకరమ్మ వెనక్కి తిరిగింది.

"బీగం వేసి రా."

"లోపల మామ, నాగమ్మ, ఆయన ఉండారత్తా."

"ఉండనీ" అంది శంకరమ్మ. "సామాన్ల కాడ ఎవరో ఒకరు ఉండాల గదా."