ఫెర్మీన్ పళ్లెం

మంగళవారం వస్తే నొయెమి బరువు చూసే మిషను చంకన పెట్టుకుని లారెడో ఊళ్లో పాతిక గడపలైనా ఎక్కి దిగుతుంది. ఆసుపత్రి తరఫున తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆమె. ఎన్ని ఇళ్లు తిరిగినా అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఎవులాలియా గడప దగ్గరే ఆమెకు కాళ్లాడవు. గుండె ఆపరేషన్ చెయ్యాలంటే ముసలామె ముందు ఇరవై పౌండ్లు తగ్గాలన్నాడు డాక్టరు. తగ్గకపోతే వచ్చే క్రిస్మస్ చూడదని నొయెమికి విడిగా చెప్పాడు.

ఈ వారం ఇంకో రెండు పౌండ్లు పెరిగింది.

"నిజం చెప్పండి దోన్యా. ఏం తింటున్నారు?"

"నువ్వు చెప్పినట్టే తల్లీ. రెండు టోర్టిలా రొట్టెలు, గుప్పెడు చిక్కుడు గింజలు. మేరీ మాత మీద ఒట్టు."

ఒట్టు అబద్ధం కాదు. బల్ల మీద రెండు పళ్లాలున్నాయి. రెండోదాని ముందు ఆమె భర్త ఫెర్మీన్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చనిపోయి నాలుగేళ్లయినా మధ్యాహ్నం భోజనం వేళకి తప్పడు. "బాగున్నారా దోన్ ఫెర్మీన్?" అని నొయెమి పలకరించింది. ఆయన పళ్లెం నిండా పంది మాంసం, ఆరు టోర్టిలాలు. పోయినవాడు వాసన చూడగలడు గానీ తినలేడు కదా!

"మరి ఇదంతా ఎవరు తింటున్నారు?"

"పారేస్తే దేవుడు ఊరుకుంటాడా? అయినా అది ఆయన భోజనం. నా లెక్కలోకి రాదు."

ఆయనకు వడ్డించొద్దంటే ఎవులాలియా మళ్లీ గడప తొక్కనివ్వదు. చివరికి నొయెమి మొహమాటం వదిలేసి ముసలాయనతోనే అనేసింది.

"అయ్యా, మీ వాటా కూడా తిని మీ ఆవిడ చచ్చిపోతోంది."

ఫెర్మీన్ పళ్లెం వంక చూశాడు. టోపీ పెట్టుకుని లేచి వీధిలోకి నడిచాడు.

"ఎక్కడికయ్యా? చల్లారిపోతుంది!" అంటూ ఎవులాలియా వెంటపడింది.

అప్పట్నుంచి రోజూ అదే తంతు. ఆయన బల్ల దగ్గర కూర్చోడు. కూర్చోని మనిషికి వడ్డించేదెలా? ముందు ఆయన, వెనక తిట్టుకుంటూ, ఆయాసపడుతూ ఈవిడ. మొదట రొట్టెల కొట్టు దాకా, తర్వాత వంతెన దాకా. ఎక్కడ కూలబడుతుందోనని మంగళవారాల్లో నొయెమి నీళ్ల సీసాతో వాళ్ల వెనకాలే నడిచేది.

ఇరవయ్యో పౌండు తగ్గిన రోజు ఫెర్మీన్ శ్మశానం గేటు దాటి లోపలికెళ్లి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. నొయెమి ఎవులాలియా వంక చూసింది. నలభై ఏళ్లు ఆయన అడుగులో అడుగేసిన మనిషి, ఇప్పుడు ఆగుతుందా?

ఎవులాలియా గేటు ఊచ పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత శాలువా చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వెళ్లయ్యా. సోమవారం నాకు ఆపరేషనుంది."