నీళ్లెండే నెల

కర్రతో రెండుసార్లు పొడిచి చూసి, నేల ఒప్పుకుందని తేలాక గానీ మునిరామయ్య కాలు పెట్టడు. రాత్రి వానకు దీవి ఒడ్డున దారి మళ్లీ జరిగింది. ఆయన చంకలో సరుగుడు గుంజల కట్ట ఉంది. ఒక్కో గుంజ కొసన ఎర్రగుడ్డ పేలిక. మెత్తబడ్డ చోట పాత గుంజ పీకి, నాలుగడుగులు లోపలికి కొత్తది పాతుతున్నాడు. పొట్టి మనిషి. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టాడు. మడమల పగుళ్లలో ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. చలికాలం నాలుగు నెలలూ పక్షుల కాపలాకు ఆయనకు రోజుకూలి ఇస్తారు. గుంజలు పాతమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పులికాట్ నీళ్ల నడుమ ఉన్న ఆ దీవిలో పుట్టినవాళ్లు నడక వచ్చిన మర్నాడే పడవ గడ పట్టుకుంటారు. మునిరామయ్య అక్కడ పుట్టలేదు. బంగారుపాళ్యం మామిడితోపుల మనిషి, దేవకమ్మను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. పెళ్లినాడు కళ్లు గట్టిగా మూసుకుని పడవలో వచ్చి దిగినవాడు మళ్లీ ఎక్కింది లేదు. ఎందుకని అడిగితే చెప్పేంత కథేమీ లేదు. నీళ్లంటే భయం, అంతే.

దీవి అవతలి కొసనున్న పల్లెకు దేవకమ్మ పడవలో ఇట్టే పోయి అట్టే వచ్చేది. ఆయన ఒడ్డు పట్టుకుని గంటన్నర నడిచేవాడు. ముప్పయ్యేళ్లు అలా నడవగా దారి పడింది. దీవి జనం దానికి 'అల్లుడి దారి' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. తాటాకులు మోసేవాళ్లూ బడిపిల్లలూ దాని మీదే నడవడం మొదలుపెట్టాక నవ్వు పోయి పేరు మిగిలింది. ఈ మధ్య, రెండువేల సంవత్సరం దాటాక, ఫ్లెమింగోల కోసం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు కూడా ఆ దారే అడుగుతున్నారు.

ఆయన దీవి దాటేది ఏడాదికొక్కసారి. మే నెలలో నీళ్లెండి, సరస్సు అడుగు నెర్రెలిచ్చాక, నడిచి. కూతురు పల్లవి పెళ్లి కూడా ఈయన కోసం ఆ నెలలోనే పెట్టుకున్నారు. బంగారుపాళ్యంలో ఆయన తల్లి చావు మాత్రం నెల చూసుకుని రాలేదు. కార్తీకంలో పోయింది. ఒడ్డున పడవ సిద్ధంగా ఉన్నా, పొద్దుగూకేదాకా ఇసుకలో కూర్చుని లేచి ఇంటికి వెళ్లిపోయాడు. బంగారుపాళ్యం చేరింది వైశాఖంలో. అక్కడ ఆయన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాడు.

ఆ పొద్దున రేవుకు రాకముందే పడవ నడిపే ఏకాంబరం కేక వేశాడు.

"మామా! పల్లవికి ఆడబిడ్డ పుట్టింది! తెల్లారుజామున, సూళ్లూరుపేట ఆస్పత్రిలో. ఇద్దరూ బాగుండారు."

మునిరామయ్య చంకలోని గుంజలు జారి కింద పడ్డాయి. ఏరుకోవడం మరిచిపోయి నవ్వుతూ నిలబడ్డాడు.

"అత్త ఇంకో మాట కూడా చెప్పమనింది" అన్నాడు ఏకాంబరం. పురుడు కోసం దేవకమ్మ వారం కిందటే కూతురితో వెళ్లింది. "నీళ్లెండేదాకా బిడ్డ పెరక్కుండా కూసోదని చెప్పమనింది."

"మే నెలలో పోతాలే అబ్బా" అన్నాడు మునిరామయ్య. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. వచ్చాక ఆయన చెవులకే బాగాలేదు.

ఏకాంబరం పడవలోంచి, పక్షులు చూడడానికి వచ్చిన తిరుపతి వాళ్లిద్దర్ని దించి, పన్నెండింటికి తిరిగి పోదామని చెప్పి, గడ ఆనించి కూర్చున్నాడు. వచ్చినావిడ నిర్మలమ్మ, రిటైరైన టీచరు. ఆమె భర్త బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ముందే నడక సాగించాడు; మునిరామయ్య ఆమెకు తోడు నడిచాడు.

దారికి ఒకవైపు తాటిచెట్లు, ఇంకోవైపు చదునుగా పరుచుకున్న నీళ్లు. దూరాన పక్షులు గులాబిరంగు గీతలా నిలబడి ఉన్నాయి. గాలికి ఎర్ర పేలికలన్నీ ఒకేవైపు కొట్టుకుంటున్నాయి. వంపు దగ్గర బురద నల్లగా నిగనిగలాడుతుంటే నిర్మలమ్మ ఆగిపోయింది. ఆమె అడుగు వెనక్కు వేయడం ఆయన చూశాడు. ఆ భయం ఆయనకు బాగా తెలుసు.

"పీత బొరియలుండే చోట నేల గట్టిగా ఉంటాదమ్మా. బొరియల్లేని చోటే దిగబడతాది. ఈ కర్ర కొస పట్టుకోండి. నేను పెట్టిన అడుగులోనే కాలు పెట్టండి."

ఆమె అలాగే పట్టుకుని, చీర తడుపుకుని, అవతలికి చేరి, చిన్నపిల్లలా నవ్వింది.

"ఎంత బాగుండాది అన్నా ఈ దారి! ఎవరో ప్రేమగా వేసినారు."

"ప్రేమ కాదులేమ్మా, భయం" అన్నాడు. తర్వాత ఎందుకో అంతా చెప్పేశాడు. పడవ గురించీ, కార్తీకం గురించీ, ఇసుకలో కూర్చున్న సాయంత్రం గురించీ. ముప్పయ్యేళ్లలో ఆ సంగతి ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

నిర్మలమ్మ ఓదార్చలేదు. కాసేపు నడిచాక, "పుట్టిన బిడ్డకు ఎవరి పోలికో" అంది.

ఆ మాట ఆయన వెంట రేవుదాకా వచ్చింది. మే నెలకు బిడ్డకు అయిదు నెలలు నిండుతాయి, బోర్లా పడుతుంది. మొదటిసారి కళ్లు తెరిచి ఎవరెవర్ని చూసిందో, అందులో తాత ఉండడు.

పన్నెండింటికి తిరుపతి వాళ్లిద్దరూ పడవ ఎక్కారు. మునిరామయ్య పిక్కలోతు నీళ్లలో నిలబడి, అలవాటుకొద్దీ కర్రతో పొడిచి చూశాడు. కర్ర జానెడు దిగింది. ఆయన వెనక్కు అడుగు వేశాడు.

నిర్మలమ్మ పడవలోంచి చెయ్యి చాచింది.

"ఈడ పెట్టండన్నా. నేను పెట్టిన చోటే కాలు పెట్టండి."

ఏకాంబరం పడవ కదలకుండా గడ అదిమి పట్టాడు. తొందరపెట్టలేదు. మునిరామయ్య ఒడ్డుకు తిరిగి వెళ్లాడు. వెళ్లిపోతున్నాడనే అనుకున్నారు. ఆయన కర్రను గట్టినేల చూసి గుచ్చి, పంచె సర్దుకుని, వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పడవ ఊగింది. రెండు చేతులా అంచు బిగించి పట్టుకుని, పళ్లు కరిచి కూర్చున్నాడు. చెమటతో ముఖమంతా తడిసిపోయింది. పెళ్లినాడు మూసుకున్న కళ్లు మాత్రం ఈసారి మూయలేదు.

"పోనీ ఏకాంబరం" అన్నాడు. "మెల్లిగా పోనీ."

పడవ కదిలి, చిన్నదై, అవతలి ఒడ్డున తాడ వైపు నీళ్లలో కలిసిపోయింది. ఒడ్డున, అరచేతి చెమటకు పిడి నల్లబడిన ఆ కర్ర ఒక్కటే నిలబడి ఉంది. దాని మొదట్లో ఒక చిన్న పీత బొరియ తవ్వుకుంటోంది.