పదకొండు సెకన్ల నీటికుక్క

మా బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. కాలువ గట్టున రెల్లులో పంతొమ్మిది రోజులు కూర్చుని, దోమలకు విందు చేసి, పదకొండు సెకన్ల నీటికుక్కను కెమెరాలో పట్టుకొచ్చాడు. అంతరించిపోతున్న ఆ జంతువు మా కాలువలో ఉందనడానికి అదొక్కటే సాక్ష్యం. మున్సిపాలిటీవాళ్లేమో కాలువను కాంక్రీటుతో మూసేయాలని పట్టుబట్టి కూర్చున్నారు. బుధవారం వాళ్ల ముందు ఆ నీటికుక్క మీద మేం తీసిన డాక్యుమెంటరీ సినిమా వేయాలి. నమ్మారా, కాలువ మిగులుతుంది. లేదా, గురువారం పని మొదలు.

ఎడిటింగ్ నాది. ఆ షాటు చూసి నిర్మాత మొహం చిట్లించాడు.

"ఇదేం షాటమ్మా! జంతువేమో మసక, వెనకాల ఆ తుప్పు గొట్టమేమో స్పష్టంగా. జూ నుంచి మంచి క్లిప్ తెప్పించా, అది పెట్టెయ్."

పెట్టి చూశాను. జూ నీటికుక్క పెళ్లికూతురులా మెరిసిపోతోంది. కానీ నీళ్లవంక చూడదే! చూపంతా ఫ్రేము బయటికే. అక్కడెవరో చేపల బకెట్ పట్టుకుని నిలబడ్డారన్నమాట.

"ఇది మోసం. నేను పెట్టను."

"ఎవడికి తెలుస్తుంది?"

"ఒక్కడికి తెలిసినా చాలు, సినిమా మొత్తం అబద్ధమైపోతుంది."

"పెట్టకపోతే ఇక నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

"సరే. బుధవారం సినిమా వేసేసి మానేస్తా."

పక్కనే కూర్చున్న బాబాయి నా చెయ్యి పట్టుకుని, "పోనీలే తల్లీ, ఉద్యోగం..." అని గొణిగాడు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వూరుకో బాబాయ్! ఆ దోమలు కుట్టింది నిన్నా, ఈయన్నా?"

బుధవారం మున్సిపల్ హాల్లో బాబాయి షాటే వేశాను. నీటికుక్క తల ఎత్తింది, మునిగింది, పోయింది. మున్సిపల్ ఇంజనీరు పకపకా నవ్వాడు.

"ఏ జూలో తీశారమ్మా?"

నిర్మాత తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. నేను షాటు వెనక్కి తిప్పి, ఆపాను.

"జంతువు సంగతి తర్వాత సార్. ముందు దాని వెనకున్న గొట్టం చూడండి. తెల్ల పెయింటుతో ఏదో రాసుంది, కాస్త చదివి పెట్టండి."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. మా కాలువ గొట్టం కారే చోట గుర్తుగా తనే పోయిన నెలలో వేయించిన మున్సిపాలిటీ నంబరు, పక్కన తారీఖు. కళ్లజోడు తీసేశాడు. చదవాల్సిన పనీ లేదు, అందరికీ కనిపిస్తూనే ఉంది.

"రేపటి పని ఆపండి," అంది ముందు వరసలోని మున్సిపల్ చైర్మన్ మేడమ్.

అప్పుడు లేచాడు మా బాబాయి, నోట్లో నాలుక లేని మనిషి. ఇంజనీరు వైపే చూస్తూ, హాలంతా వినపడేలా అన్నాడు:

"ఇంకోసారి వెయ్యి తల్లీ. సారు నవ్వుతూ సరిగ్గా చూడలేదు."