ఆలికి సగం, అక్కకి సగం

మా తమ్ముడి నోరు మూతపడడం నేను రెండేసార్లు చూశాను. మొదటిసారి, వాడు మూడో తరగతిలో ఉండగా అమ్మ పోయినప్పుడు. రెండోసారి, మొన్న వాడే పోయినప్పుడు. మధ్యలో ముప్ఫై రెండేళ్ళు వాడు ఊపిరి తీసుకోవడానికి తప్ప మాట ఆపింది లేదు. స్నేహితులు వాడికి గిలక అని పేరు పెట్టారు. లిఫ్టులు బాగుచేసేవాడు కాబట్టి పనికీ సరిపోయింది, నోటికీ సరిపోయింది.

నేను పళ్ళ సెట్లు చేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే, వాటిని బట్టి కట్టుడు పళ్ళూ, తొడుగులూ తయారుచేయడం నా పని. ఒక పొడవాటి గది, రెండు బల్లలు, గోడ అరల నిండా ప్లాస్టరు దవడలు, మూలన ఒక ఫర్నేసు. లోహపు తొడుగు కావాలంటే ముందు మైనంతో పన్ను చేస్తాం. దాన్ని అచ్చులో పూడ్చి ఫర్నేసులో పెడతాం. మైనం ఆనవాలు లేకుండా కాలిపోతుంది. అది ఖాళీ చేసిన చోట లోహం పోస్తాం. ఆ ఫర్నేసు సంగతి గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే. కాదు, నేనే. పాపం అది పెట్టినదాన్ని కాల్చింది, అంతే.

ఆదివారం నాకు సెలవు. ఆ సెలవు పాడుచేయడానికి మధ్యాహ్నం మూడింటికల్లా ముగ్గురు దిగేవాళ్ళు. మా తమ్ముడు, తాళాలు చేసే మేస్త్రి, రిటైరైన డ్రాయింగు మాస్టారు. ముగ్గురికీ క్రిప్టో పిచ్చి. ఇళ్ళల్లో కూర్చోనిస్తే కదా, అందుకని నా దవడల మధ్య చేరేవాళ్ళు. బిట్‌కాయిన్ అంటే ఏమిటో నాకు నాలుగేళ్ళు వివరించారు. నాకు అర్థమైంది ఇంతే: దానికి బ్యాంకు లేదు, మేనేజరు లేడు, మొరపెట్టుకునే కిటికీ లేదు. పన్నెండు మాటలుంటాయి. అవి వరసగా తెలిసినవాడిదే డబ్బు. మర్చిపోతే బ్రహ్మదేవుడు దిగివచ్చినా తెరవలేడు.

"అందుకే మా మంత్రం ఒకటే అక్కా. నమ్మొద్దు, సరిచూసుకో" అనేవాడు తమ్ముడు.

"మరి నా టీలో పంచదార ఎంతుందో సరిచూసుకునే తాగుతున్నావా?" అనేదాన్ని.

కాయిన్ కన్నా వాళ్ళకి పద్యాలంటే ఎక్కువ సరదా. పద్యాలంటే గణాలూ యతులూ ఉన్నవి కావు, ఏదో నాలుగు ముక్కలు చివర కలిపేవి. ఒకరు పద్యం చేతికిస్తే రెండోవాడు బదులు పద్యం ఇచ్చి తీరాలి. పైగా దానికొక నియమం. కాయిన్ లాగే పద్యం కూడా ఒకరి దగ్గరే ఉండాలి. నకలు రాసుకోకూడదు, ఫోనులో దాచకూడదు, ఇచ్చేశాక అది అవతలివాడి సొత్తు. చిత్తు కాగితం కూడా చింపేసేవాళ్ళు.

ఒకసారి కాయిన్ ధర దబ్బున పడిపోయినప్పుడు మాస్టారు గొంతు సవరించుకుని ఇది చదివారు:

ఏడాది పట్టె ఎక్కడానికి, ఏడు నిమిషాలు దిగడానికి;
లిఫ్టులు చూసే గిలకగారూ, బ్రేకే లేదా దీనికి?

మా వాడు ఆయన్ని వదిలేసి మేస్త్రి మీద పడ్డాడు:

ఊరందరికీ తాళాలమ్మి ఎవ్వరినీ నమ్మని మేస్త్రి,
ఇంటికి పోతే తలుపే తీయక ఇల్లాలే చేసెను శాస్తి!

మేస్త్రి టీ మీద పోసుకుని మరీ నవ్వాడు. నన్నూ ఒకటి చెప్పమని తమ్ముడు ప్రతివారం ప్రాణం తీసేవాడు. "ఒక్కటే అక్కా. బాగోకపోయినా పరవాలేదు, నేను దాచుకుంటా." నాకు వేరే పని లేదా అని కసిరేదాన్ని.

ఇక మా మరదలి సంగతి చెప్పాలి. తమ్ముడి భార్య, మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్ళింటి తాళంచెవి ఒకటి నా దగ్గర ఉండేది. వాడిని పెంచినదాన్ని, ఆ ఇంటికి తలుపు కొట్టి వెళ్ళడమేమిటని నేరుగా తాళం తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. గిన్నెలు సర్దేదాన్ని, సర్దుతూ నాలుగు మాటలు అనేదాన్ని. ఒకరోజు వెళ్తే చెవి తిరగలేదు. తాళం మార్చేశారు. మార్చింది ఎవరనుకున్నారు? ఈ మేస్త్రే. "చెల్లెమ్మ మార్చమంది, మార్చానక్కా. నేను కూలివాణ్ణి" అన్నాడు. ఆ రోజునించీ నాకూ మరదలికీ మాటల్లేవు. నాలుగేళ్ళు. ఎదురుపడితే నేను ఎడమకి, తను కుడికి.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం మాస్టారు ప్రశ్న వేశారు. మనం హఠాత్తుగా పోతే ఆ పన్నెండు మాటలు ఇంట్లో ఎవరికి తెలియాలి?

"ఎవరికీ వద్దు మాస్టారూ. తాళం పగలగొట్టించుకున్న ఇళ్ళు చాలా చూశాను. సగం ఇళ్ళలో చేసింది అయినవాళ్ళే" అన్నాడు మేస్త్రి.

"కట్టుకున్న మనిషిని నమ్మకపోతే ఇంకెందుకయ్యా కూడబెట్టడం?" అన్నారు మాస్టారు.

మా వాడు చొక్కా జేబులోంచి అంటించిన కవరు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "నాకా గొడవ లేదు. ఆరు మాటలు మా ఆవిడకిచ్చా, ఆరు అక్కకి. ఇద్దరూ కూర్చుని కవర్లు విప్పితేనే పెట్టె తెరుచుకుంటుంది" అంటూ ఎత్తుకున్నాడు:

ఆలి చేతిలో సగము, అక్క చేతిలో సగము,
ఇద్దరూ పక్కన కూర్చోకుంటే ఇక నాకెక్కడ సుఖము?

వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడికి జ్వరమొస్తే రాత్రుళ్ళు కూర్చున్నది నేను. వాడి ఫీజులకి నా చదువు మానుకున్నది నేను. నిన్నగాక మొన్న వచ్చి తాళం మార్చిన దానికీ నాకూ సమానంగా చెరిసగమా? నమ్మితే పూర్తిగా నమ్మాలి, లేకపోతే మానుకోవాలి. సగం నమ్మకం కన్నా తిట్టు నయం. కవరు ఏప్రాను జేబులో పెట్టుకున్నాను.

వాళ్ళు వెళ్ళగానే, మర్నాటి పని కోసం వేడెక్కుతున్న ఫర్నేసు తలుపు తీసి, కవరు విప్పకుండానే లోపల పడేశాను. మైనం కన్నా త్వరగా కాలింది. పట్టకారు చేత్తో పట్టుకుని అక్కడే నుంచున్నాను, కావాలంటే లాగెయ్యవచ్చు కూడా. లాగలేదు. "సగం నువ్వే ఉంచుకో" అన్నాను పైకే, ఎవరో విన్నట్టు.

తర్వాత రెండుసార్లు వాడు అడిగాడు. "కవరు జాగ్రత్తగా ఉందా అక్కా?" ఉందన్నాను. "విప్పి చూశావా?" చూడలేదన్నాను. ఆ ఒక్కటే నిజం. వాడు కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు. అప్పుడైనా నాకు వెలగలేదు.

రెండు నెలలకి వాడు పోయాడు. ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు మోటారు గదికి ఎక్కి, పని ముగించి, గోడకి ఆనుకుని కూర్చున్నాడట. తోటి మనిషి మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. గుండె. నలభై ఏళ్ళవాడికి, ఒక్కరోజు తలనొప్పి అనని వాడికి.

మూడు వారాల తర్వాత మరదలు నా పనిగదికి వచ్చింది. తలుపు తీసే ఉన్నా గడప దగ్గర ఆగి, కొట్టి, రమ్మన్నాకే లోపలికి వచ్చింది. మనిషి సగమైపోయింది. సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. అచ్చం నాదానిలాంటిదే, అంటించినది అంటించినట్టే ఉంది.

"వదినా, ఇద్దరం కూర్చుని విప్పాలన్నారు. మాటిచ్చాను, అందుకే ముట్టుకోలేదు. ఇల్లు మారాలనుకుంటున్నాను. ఆయన దాచినదేదో ఉంటే కాస్త ఊతంగా ఉంటుంది."

"ఎక్కడో పెట్టానమ్మాయ్. వెతకాలి" అన్నాను.

"తొందరేం లేదు. వచ్చే ఆదివారం వస్తాను" అని తన కవరు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. నన్ను అనుమానించలేదు. అనుమానించినా బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఆ వారం నేను చేసిన పళ్ళన్నీ వెనక్కి వచ్చాయి. కొలత తప్పింది, కొరుకు సరిపోలేదు అని డాక్టర్లు ఫోన్లు. ఉన్న ఆరు మాటలు కాల్చేశానంటే పన్నెండూ కాల్చినట్టే. తమ్ముడు లిఫ్టు గుంతల్లో దిగి కూడబెట్టినది, వాడి భార్యకి దక్కాల్సినది, నా రోషానికి బూడిద చేశాను. దొంగైనా నయం, ఎవరో ఒకరు తింటారు.

ఆదివారం అనుకున్న వేళకే వచ్చింది. టీ కూడా ఇవ్వకుండా చెప్పేశాను. తిన్నగా, మొహం చూస్తూ, ఫర్నేసు చూపిస్తూ. "అందులో వేసి కాల్చేశాను. పోయింది కాదు, నేనే కాల్చాను. నీకు సగమిచ్చాడని."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నేను కూడా ఏడ్చాను వదినా" అంది. "మీకు సగమిచ్చారని. కట్టుకున్నదాన్ని, నాకు పూర్తిగా ఇవ్వరా అని ఒక పూట అన్నం తినలేదు."

తర్వాత తన కవరు తీసి నా ముందే చించింది. "ఇంక దేనికి దాచడం. కనీసం ఆయన రాత చూద్దాం."

కాగితం మీద ముందు మాటలున్నాయి, ఒకదాని కింద ఒకటి, అంకెలు వేసి. ఆమె వేలితో కిందికి వచ్చింది. ఆరు దగ్గర ఆగలేదు. ఏడు, ఎనిమిది, పన్నెండు. మళ్ళీ పైనించి లెక్కపెట్టింది. పన్నెండే. నేను స్టూలు మీద కూలబడ్డాను. పోలేదు. వాడి కష్టం పోలేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కింద పద్యం ఉంది. ఆమె పైకి చదివింది:

సగమని చెప్పి అబద్ధమాడితి, పన్నెండున్నవి చూడు,
అక్కకు కూడా పన్నెండిచ్చితి, సరిచూసుకోండి నేడు;
పద్యం మాత్రం వేరే వేరే, ఒకరిది ఒకరు చదవాలి,
కాయిన్ కన్నా కష్టం మీరు, ఎలా కలిపేది, ఆలీ?

కాగితం నాకు అందించింది, చదవమని. ఒకరిది ఒకరు చదవాలి అన్నాడుగా. నేను చదివాను. వాడి అక్షరాలు, ఎప్పటిలాగే చివరికొచ్చేసరికి కిందికి జారాయి. చదివి ఆమె చేతిలో పెట్టాను. ఆమెకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాకు పూర్తిగా ఇచ్చాడు. ఏ కొరతా లేకుండా, మొత్తం. "నమ్మొద్దు, సరిచూసుకో" అని నాలుగేళ్ళు నా చెవిలో ఊదినవాడు, నేను కవరు విప్పి సరిచూసుకుంటానని నమ్మాడు. నేను అంతమాత్రం కూడా చేయలేదు.

ఆ పద్యం కోసం వెతకని చోటు లేదు. మరదలు వాడి పనిసంచి, బట్టల జేబులు, ఫోను అన్నీ చూసింది. నేను మాస్టారింటికి వెళ్ళాను. "చిత్తుప్రతి ఎక్కడైనా ఉంటుందా మాస్టారూ?" ఆయన తల దించుకున్నారు. "మా నియమం నీకు తెలుసు కదమ్మా. అందరిలోకీ అది తప్పకుండా పాటించింది వాడొక్కడే." మేస్త్రిని అడిగితే, తెరవలేని తాళం చూసినట్టు నన్ను చూశాడు.

ఇప్పుడు మరదలు ఆదివారాలు వస్తుంది. తలుపు కొట్టే వస్తుంది. టీ తాగుతాం. ఆ డబ్బు ఊతంతో ఇల్లు మారింది, నా దగ్గర్లోకే. వాడు అడిగిన పద్యం ఒకటి రాద్దామని ప్రయత్నించాను. రెండు ముక్కలు వచ్చి ఆగిపోతుంది. బదులు పద్యం రాయాలంటే ముందు వాడేం అన్నాడో తెలియాలి కదా.

మొన్న కప్పులు కడుగుతూ ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగింది. "వదినా, మీ దాంట్లో నా గురించి ఏం రాసుంటారు?"

"మంచిదే రాసుంటాడమ్మాయ్."

"సరిచూసుకోవడానికి లేదుగా" అంది. కోపంగా కాదు.

కప్పులు ఒక్కొక్కటే బోర్లించింది. నన్ను నమ్ము అని అడుగుదామనుకున్నాను. ఆ మాట అడిగే ముఖం నాకు లేదు.