ఆయన బదులు నేను

వంటింట్లో జామకాయలు కోస్తున్నాను. ముందు గదిలో మగవాళ్ళు టీ తాగుతూ ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు. పళ్ళెం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేసరికి అందరూ ఆగిపోయారు. మా ఆయన ఆఫీసు మేనేజరు హోంగ్ ఒక ముక్క తీసుకుని, పుల్లటి పొడి అద్దుకుని, "వదినా, వేడినీళ్ళు ఇంకొంచెం పెట్టండి," అన్నాడు. ఆ వెంటనే, అదే గొంతుతో, "ఈసారి మిమ్మల్నే నిలబెడుతున్నాం," అన్నాడు.

కెటిల్లో నీళ్ళు పోసి స్విచ్ నొక్కాను. నాకు చెప్పిన రెండు పనుల్లో ఒకటి అయిపోయిందని అనిపించింది. రెండోది ఏమిటో నీళ్ళు కాగుతుండగా మెల్లగా అర్థమైంది.

మా ఆయన రోంగ్‌ఫా మూడుసార్లు నగర కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు. మూడోసారి ఓటర్లకి కానుకలు పంచారన్న కేసులో పదవి పోయింది, కొన్నేళ్ళపాటు పోటీ చేసే హక్కూ పోయింది. మా దీవి దక్షిణాన ఇలాంటప్పుడు భార్యను నిలబెట్టడం మామూలే. భర్త బదులు యుద్ధానికి వెళ్ళడం అంటారు దాన్ని. వినడానికి పాత వీరగాథలా ఉంటుంది. హోర్డింగు మీద ఆమె బొమ్మ ఉంటుంది, వెనకాల అతని బొమ్మ ఇంకాస్త పెద్దదిగా ఉంటుంది. ఓటు ఎవరికి వేస్తున్నారో వేసేవాళ్ళకి తెలుసు. ఎవరూ సిగ్గుపడరు.

నాకు కోపం రావాలి. రాలేదు. కెటిల్ ముందు నిలబడి ఉంటే నా గుండెలో ఏదో ఒక్కసారి ఎగిరింది. సంతోషమే అది, అనుమానం లేదు. దాన్ని గుర్తుపట్టిన మరుక్షణం నాకు భయం వేసింది. ఇంతకాలం నాకు ఏ కోరికా లేదని నేనే అందరికంటే గట్టిగా నమ్ముతూ వచ్చాను. లోపల ఇంకెవరో, నా అన్నం తిని, నా మంచం మీద పడుకుని, ఈ కబురు కోసమే కాచుకుని ఉన్నట్టు బయటపడింది.

ఎందుకు కోరుకోకూడదు? ఆ పని చేసింది నేనే కదా. మా ఇంటి కింది అంతస్తే కౌన్సిలర్ ఆఫీసు. పొద్దున్న షట్టర్ ఎత్తేది నేను. మురుగు పొంగిందని, వీధి దీపం ఆరిపోయిందని, ఆస్పత్రిలో మంచం దొరకడం లేదని వచ్చేవాళ్ళని కూర్చోబెట్టి, ఏ శాఖలో ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆలోచించి, చేసి, పని అయ్యేదాకా వెంటపడేది నేను. కొడుకు తాగొచ్చి కొడుతున్నాడని ఒక ముసలావిడ రోజూ వచ్చి ఏమీ చెప్పకుండా టీ తాగి వెళ్ళేది. ఆమె ఏమీ చెప్పడం లేదని కనిపెట్టింది కూడా నేనే. రోంగ్‌ఫా రాత్రుళ్ళు విందుల్లో ప్రతి బల్ల దగ్గరా గ్లాసు ఎత్తి పొద్దున లేవలేకపోయేవారు. కాబట్టి అంత్యక్రియలకి కూడా నేనే వెళ్ళేదాన్ని. మా వైపు ఏ ఇంట్లో చావు జరిగినా కౌన్సిలర్ వచ్చి వంగి దణ్ణం పెట్టాలి. రాకపోతే ఆ ఇల్లు మరో ఎన్నికదాకా గుర్తుపెట్టుకుంటుంది. నల్ల బట్టలు వేసుకుని, ముఖం చూడని మనిషి ఫోటో ముందు మూడుసార్లు వంగి, పెద్దకొడుకు చేతులు పట్టుకునేదాన్ని. మైకులో "కౌన్సిలర్ త్సాయ్ రోంగ్‌ఫా గారు విచ్చేశారు" అనేవారు. నేను వెళితే ఆయన విచ్చేసినట్టే.

కెటిల్ చప్పుడు చేసింది. నీళ్ళు తీసుకుని వెళ్ళాను.

హోంగ్ చేతిలో పెన్ను ఉంది. ఎన్నికల ముందు ప్రతి ఇంటికీ ఒక పెద్ద కాగితం వస్తుంది. అందులో అభ్యర్థి ఫోటో, చదువు, చేసిన ఉద్యోగాలు ఉంటాయి. నేను దాన్ని ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఇంట్లో ఇంకెవరూ చదవరు. ఆలయ కమిటీ అధ్యక్షుడు అని ఉంటే తండ్రి కూడా అదే పనిలో ఉన్నాడని అర్థం. నిర్మాణ సంస్థ సలహాదారు అంటే సంస్థ బావమరిదిది. ఒక బడికి తల్లిదండ్రుల సంఘం పెద్ద అని రాసుకున్నాయన తన పిల్లల్ని ఏ తరగతిలో చేర్చారో భార్యని అడగడం నేను విన్నాను, అదీ విందు మధ్యలో. ఆడవాళ్ళవి ఇంకా తేలిక. ఒకామె మాజీ కౌన్సిలర్ కూతురు, ఒకామె కోడలు, ఒకామె పార్టీలో పెద్దాయనకి కార్యదర్శి. చదువు వరుస పొడుగ్గా ఉంటుంది, ఉద్యోగాల వరుసలో ఎవరో ఒక మగవాడి నీడ ఉంటుంది. నేను వాళ్ళని చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ నవ్వులో అసూయ ఎంత ఉందో ఈ రోజే తెలిసింది.

"వదిన ఉద్యోగం ఏమని రాద్దాం?" అన్నాడు హోంగ్.

నన్ను కాదు, రోంగ్‌ఫాని అడిగాడు. నేను అక్కడే టీ వంపుతున్నాను. పెళ్ళికి ముందు మా ఊరి మత్స్యకారుల సంఘంలో గుమస్తాగా చేశానని చెప్పాను. తుపాను వస్తే నష్టపరిహారం అర్జీలన్నీ నా చేతిమీదుగానే వెళ్ళేవి.

"చేపల వాసనొస్తుంది వదినా," అన్నాడు హోంగ్, నొప్పించాలని కాదు.

"రాయడానికేముంది? కౌన్సిలర్ భార్య అని రాసెయ్," అన్నారు రోంగ్‌ఫా. "అంతకన్నా ఓట్లు తెచ్చే ఉద్యోగం తనెక్కడ చేసింది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించి తర్వాత చాలా ఆలోచించాను. అది నటన కాదు. వాళ్ళు నవ్వగానే నా ముఖం దానంతటది కదిలింది, ఎండలోకి వెళితే కళ్ళు ముడుచుకున్నట్టు. ఎప్పుడు నేర్చుకున్నానో జ్ఞాపకం లేదు. మొదటిసారి ఆ నవ్వు నవ్విన అమ్మాయి ఎలా ఉండేదో కూడా జ్ఞాపకం లేదు.

అసలు సంగతి అప్పుడు పాత వార్డు పెద్ద గావ్ బయటపెట్టాడు. మా మామగారి స్నేహితుడు ఆయన. ఆయన ఊ అంటే మా పేట సగం ఊ అంటుంది. బ్యాలెట్ మీద గుర్తింపు కార్డులో ఉన్న పేరే అచ్చేస్తారు. నా కార్డులో ఉన్నది పుట్టింటి పేరే. "లిన్ యూచిన్ అంటే ఎవరికి తెలుసమ్మాయ్? ముందు త్సాయ్ చేర్చు. త్సాయ్ లిన్ యూచిన్ అంటే చూపు ఆననివాడు కూడా ఫలానా వాళ్ళ ఇల్లాలని పట్టేస్తాడు," అన్నాడు.

మా అమ్మ తరంలో పెళ్ళైన ప్రతి ఆడదాని పేరు ముందూ మొగుడి ఇంటిపేరు చేరేది. మా తరానికి ఆ ఆచారం దాదాపు పోయింది. ఇప్పుడు కావాలంటే ఇద్దరూ కలిసి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళి చేర్పించుకోవాలి. నామినేషన్లకి ఇంకా రెండు రోజులే గడువుంది. నా వైపు ఎవరూ చూడకుండానే, రేపు పొద్దున వెళ్ళాలని తేలిపోయింది.

నేను ఏదో సణిగాను కాబోలు. మూలన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మా అత్తగారు తలెత్తకుండానే, "నా పేరు ముందు త్సాయ్ చేరి అరవై ఏళ్ళు దాటింది. నా మెడేం విరగలేదు," అంది.

నిజమే. ఆవిడ మెడ విరగలేదు. కానీ ఆవిడ పుట్టింటి పేరు ఏమిటో నేను ఆస్పత్రిలో ఆవిడ కార్డు ఇచ్చినప్పుడు మాత్రమే చదివాను, ప్రతిసారీ కొత్తగా చదివాను.

మధ్యాహ్నం ఫోటో తీసేవాడు వచ్చాడు. కొత్త ప్రచారపు కోటు తెచ్చారు, ఎన్నికలప్పుడు అందరూ వేసుకునే చేతుల్లేని కోటు. వీపు మీద 'త్సాయ్ రోంగ్‌ఫా' అని పెద్ద అక్షరాలు, కింద చిన్నగా 'గారి భార్య'. నా పేరు రేపు పని అయ్యాక కుట్టిస్తారట. "నవ్వండి వదినా, కానీ మరీ సంతోషంగా కాదు. మొగుడికి కష్టం వచ్చిన మనిషిలా," అన్నాడు హోంగ్. గొంతు కిందిదాకా జిప్ లాగాను.

ఇలాంటి కోటే ఆ రోజు నా ఒంటిమీద ఉంది. మా అమ్మది సముద్రం పక్క ఉప్పు మళ్ళ ఊరు. ఆమెకి ఏమీ బాగాలేదని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు రోంగ్‌ఫా గడ్డం గీసుకుంటున్నారు. రెండోసారి ఎన్నికల ప్రచారం జరుగుతోంది. "గావ్ తమ్ముడి అంత్యక్రియలు ఈ రోజే. అది కానిచ్చి వెళ్ళు. మీ అమ్మ గట్టి మనిషి, ఆగుతుంది," అన్నారు, అద్దంలో తన గడ్డం వైపు చూసుకుంటూ. క్రూరంగా అనలేదు. బస్సు గురించి చెప్పినట్టు చెప్పారు. నేను వెళ్ళాను, వంగాను, గావ్ చేతులు పట్టుకున్నాను. కాస్త కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఆ వేళకే అమ్మ పోయింది.

చివరి చూపుకి అందని కూతురు వీధి మొదట్లోనే మోకాళ్ళ మీద పడి, ఏడుస్తూ, పాక్కుంటూ పుట్టింటి గుమ్మం చేరాలి. అది మా ఆచారం. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. ఆ రోడ్డు మీద గులకరాళ్ళు, ఎండిన ఉప్పు. నేను తల వంచుకుని పాకుతున్నాను. ఇరువైపులా నిలబడ్డవాళ్ళకి నా ముఖం కనిపించదు, వీపు కనిపిస్తుంది. ఎవరో పిల్ల ఆ అక్షరాలు పైకి చదివింది, బడిలో చదివినట్టు, కూడబలుక్కుని: త్సాయ్, రోంగ్, ఫా. వాళ్ళమ్మ ఆ పిల్ల నోరు మూసింది. గుమ్మం దగ్గర తమ్ముడు నన్ను లేవనెత్తి, చెవిలో, "ఆ కోటైనా విప్పి రావాల్సిందక్కా," అన్నాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. దారి పొడుగునా, కారులో, అది నా ఒంటిమీద ఉన్నట్టే నాకు తెలియలేదు. అమ్మ పోవడం కంటే కూడా నన్ను ఎక్కువకాలం వెంటాడింది అదే.

"ఆ, సరిగ్గా ఇలాగే, కదలకండి," అన్నాడు ఫోటో తీసేవాడు.

మర్నాడు పొద్దున రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ముగ్గురం వెళ్ళాం. హోంగ్ మమ్మల్ని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి వెనక నిలబడ్డాడు. ఆ కౌంటర్లు నాకు బాగా తెలుసు. కార్డు పోగొట్టుకున్న ముసలాళ్ళని, పుట్టిన బిడ్డని ఎలా నమోదు చెయ్యాలో తెలియని వియత్నాం నుంచి పెళ్ళిచేసుకుని వచ్చిన కోడళ్ళని వెంటబెట్టుకుని ఎన్నోసార్లు వచ్చాను. వాళ్ళ కుర్చీ వెనక నిలబడి, వాళ్ళ తరఫున మాట్లాడేదాన్ని. ఈ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి. కూర్చుంటే కౌంటర్ ఇంత ఎత్తుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

కౌంటర్లో అమ్మాయి చిన్నది. కంప్యూటర్ వైపే చూస్తూ, "ఇంటిపేరు చేర్చడానికి ఇద్దరి అంగీకారమూ కావాలి. సార్ సంతకం పెట్టారు. మీకు ఇష్టమేనాండీ?" అంది.

రోజూ ఎందరినో అడిగే ప్రశ్నే. ఆమె గొంతులో ప్రత్యేకంగా ఏమీ లేదు. కానీ ఆ ప్రశ్నకి జవాబు కోసం నాలో వెతికితే, ఎప్పుడూ సిద్ధంగా ఉండే నవ్వు ముఖం దాకా వచ్చి ఆగిపోయింది.

"లేదు," అన్నాను.

రోంగ్‌ఫా నవ్వారు. "రాత్రి నిద్ర లేదమ్మా తనకి. ఇష్టమే, కానివ్వండి."

ఆ అమ్మాయి మొదటిసారి నా ముఖం వైపు చూసింది. "మేడమ్?"

"ఇష్టం లేదండీ. లిన్ యూచిన్ అనే ఉంచండి."

హోంగ్ మమ్మల్ని గబగబా పక్కన బెంచీ దగ్గరికి తీసుకెళ్ళాడు. వదినా, రేపే ఆఖరి రోజు, మీకు తెలుసు కదా అని బతిమాలాడు. తెలుసన్నాను. రేపు నేనే వెళ్ళి నామినేషన్ వేస్తాననీ, ఈ పేరుతోనే వేస్తాననీ చెప్పాను. ఉద్యోగం అన్నచోట మత్స్యకారుల సంఘం గుమస్తా అని, దాని కింద కౌన్సిలర్ ఆఫీసు నడిపాను అని రాస్తాను. హోర్డింగు మీద రెండో బొమ్మ ఉండదు. గెలవనని నాకూ తెలుసు. గావ్ తిరగబడతాడు, అత్తగారు నాతో మాట్లాడదు, పొద్దున షట్టర్ ఎత్తడానికి నేను ఆ ఇంట్లో ఉంటానో ఉండనో కూడా తెలియదు. నాకు నిజంగా ఆ పని చెయ్యాలని ఉంది. అదే అన్నిటికంటే బాధ.

"ఆ పేరుకి మీ ఊరి చేపలు కూడా ఓటెయ్యవు," అన్నారు రోంగ్‌ఫా. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నా పక్కన కూర్చున్నారు. ఆయన ముఖంలో కోపం కంటే కలవరం ఎక్కువగా కనిపించింది. "నిజం చెప్పు యూచిన్. ఎవరు చెప్పారు నీకిలా చెయ్యమని?"

నా వెనక ఎవరో ఉన్నారని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. అందుకని నేనూ వెతికాను. అమ్మ, ఆమె ఎప్పుడూ సర్దుకోమనే అంది. ఆడదాని బతుకు ఆవగింజ, పడ్డచోట మొలవాలి అనేది. తమ్ముడు, పంతులమ్మలు, సంఘంలో నాతోపాటు పనిచేసినవాళ్ళు, మా ఆఫీసు బల్ల ముందు కూర్చుని టీ తాగి వెళ్ళిన అందరు ఆడవాళ్ళు. ఒక్కొక్క ముఖాన్నే దగ్గరికి తెచ్చుకుని చూశాను. ఆయన ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాను. "ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు."