తలసరి చొక్కాలు

చొక్కాల ఫ్యాక్టరీకి ఆర్డర్లు పడిపోయిన నెలలో యజమాని సూపర్‌వైజర్‌ని పిలిచి, "ఆరుగురిని తగ్గించాలి. ఎవరన్నది నీ ఇష్టం" అన్నాడు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అనుకునే మనిషి కదా, సూపర్‌వైజర్ రిజిస్టరు తెరిచాడు. రోజుకు ఎవరెన్ని చొక్కాలు కుట్టారో చూసి, అడుగునున్న ఆరు పేర్లు రాసిచ్చాడు. అంకెల్ని ఎవరు తప్పుపడతారు?

ఆరో పేరు, కాలర్లు కుట్టడంలో దిట్ట కాబట్టి అందరూ కాలరత్త అని పిలిచే పెద్దావిడది. సూపర్‌వైజర్‌కి కత్తెర పట్టడం నేర్పిందే ఆవిడ. ఆవిడ లెక్క ఎందుకు తక్కువో అతనికి తెలుసు. సగం పూట ఇతరులు వంకరగా కుట్టిన కాలర్లు విప్పి, మళ్లీ కుట్టేది. ఆ చొక్కాలు వాళ్ల ఖాతాలోకే పోయేవి. అందులో ఎక్కువ, అక్కడే కుట్టుపని చేసే అతని భార్యవే. అవి తీసేస్తే ఆరో పేరు భార్యది. తెలిసీ నోరు మెదపలేదు.

మర్నెలలో తలసరి చొక్కాలు ఇరవై నుంచి ఇరవై నాలుగుకు పెరిగాయి. ఒక్కరూ ఒక్క చొక్కా ఎక్కువ కుట్టలేదు. తక్కువ కుట్టేవాళ్లు పోయారు, అంతే. "గడ్డురోజుల్లో పని పెంచావయ్యా!" అని యజమాని అతన్ని మేనేజర్ని చేశాడు. ఆ కుర్చీలో ఒక్కరోజూ సుఖంగా కూర్చోలేదు పాపం.

ఏడాదికి ఆర్డర్లు పోటెత్తాయి. కొత్తవాళ్లు చేరారు, తలసరి లెక్క దిగింది, సరిచేసేవాళ్లు లేక వంకర కాలర్ల చొక్కాలు కొన్నవాళ్ల దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. యజమాని చిందులేశాడు. మేనేజర్ కాలరత్త ఇంటికి పరిగెత్తాడు.

ఆవిడ ఎవరివో బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"రా అబ్బాయ్! ఆ లిస్టు నువ్వే రాశావని మనవాళ్లంటే నాలుగు చివాట్లు పెట్టాను. నా చేతుల్లో పని నేర్చినవాడు అలా చేస్తాడా అని."

ఆవిడ అన్నదే నిజమని తలూపితే సరిపోయేది. ఊపలేకపోయాడు.

"నేనే రాశానత్తా. మా ఆవిడ లెక్కలో నీ చొక్కాలున్నాయని తెలిసే రాశాను. నాది తప్పు."

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఇప్పుడెందుకొచ్చావు?"

"మళ్లీ పనిలోకి రమ్మని."

"వస్తాను. నాకూ పని కావాలిగా. కానీ ఈసారి నా చొక్కాలు నేను కుట్టుకుంటాను. ఇంకొకళ్ల కాలరు ముట్టుకోను."

అతను వచ్చిందే ఆ కాలర్ల కోసం.

"అలాగేనత్తా" అన్నాడు.