ఐదొందల నలభై

పీయూసీలో మాకు ఫిజిక్సు చెప్పింది వీరరాఘవయ్య గారు. తెనాలిలో ఆయన్ని లెక్చరరు అనడం మర్యాద. లెక్క చెరుపరు అనడం న్యాయం. ఆవిరి నీరుగా మారేటప్పుడు గ్రాముకు ఎన్ని కెలోరీల వేడి వదులుతుందో కనుక్కునే ప్రయోగం ఆయన పన్నెండేళ్లుగా చేయిస్తున్నారు. చేయించడమంటే, రేపల్లెలో ఎవరో ఎప్పుడో రాసిన రికార్డు పుస్తకాన్ని మా చేత దించించడం. అందులో జవాబు 540. కాబట్టి మేం ముందు 540 వేసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడిచి, ఆవిరి బరువు పుట్టించేవాళ్లం. స్టవ్వు వెలిగించేది గదికి కిరసనాయిలు వాసన పట్టించడానికే.

ఆ రికార్డులో ఒక మెట్టు ఎగిరిపోయింది. ఆవిరి నూరు డిగ్రీల దగ్గర నీరవుతుంది. తర్వాత ఆ నీరు కూడా చల్లబడుతూ ఇంకొంత వేడి వదులుతుంది. ఆ రెండో వేడిని తీసేస్తే మిగిలేదే జవాబు. మా లెక్కలో తీసివేత లేదు. తీసివేతలన్నీ నిజంగా తూచేవాళ్ల మార్కుల్లోనే.

అలా తూచే మనిషి మా క్లాసులో రూతు ఒక్కతే. అందుకే 1966లో తప్పింది. మరుసటేడు మాతో మళ్లీ కూర్చుంది. ఈసారీ తప్పితే బీయస్సీ సీటు పోయినట్టే. పరీక్షలో అందరికీ అదే ప్రయోగం. ఆమెకు గ్రాముకు 579 వచ్చింది. నూరు డిగ్రీల నుంచి యాభైకి చల్లబడినందుకు, డిగ్రీకి ఒక కెలోరీ చొప్పున యాభై తీసేసి, 529 అని రాసింది.

వీరరాఘవయ్య గారు తొంగి చూశారు.

"ఏమ్మా, ఊరంతా 540 అంటుంటే నీ ఆవిరికేం తెగులు?"

"ఆవిరితోపాటు నాలుగు నీటిచుక్కలు కూడా పడ్డాయండి. అందుకే తగ్గింది."

"తగ్గాల్సింది నువ్వు. 540 అని దిద్దు."

"దిద్దనండి."

ఇంతలో బాపట్ల నుంచి వచ్చిన ఎగ్జామినరు వెంకటరత్నం గారు అటు నడిచారు. ఆయన అత్తవారిది రేపల్లె. సాయంత్రం బండి అందుకోవాలి. ఆయన జేబులో కాగితం మీదా 540 ఉంది.

"ఈ యాభై ఎందుకు తీసేశావమ్మా?"

"నీళ్లు చల్లబడ్డాయి గదండీ."

"పడలేదు. ఇరవై ముగ్గురి పేపర్లు చూశాను. ఎవరికీ పడలేదు."

రూతు ఆవిరి పట్టిన నీళ్ల గిన్నెను, అంటే కెలోరిమీటరును, ఆయన ముందుకు జరిపింది. "వేలు పెట్టి చూడండి సార్."

వెంకటరత్నం గారు వీరరాఘవయ్య గారి వంక చూశారు. "మీరు పెట్టండి. లాబు మీది."

"అబ్బే, పెద్దలు, మీరు పెట్టాలండి."

చివరికి ఎగ్జామినరు గారే కళ్లు మూసుకుని చూపుడువేలు ముంచారు. కాలలేదు. పంచెకు తుడుచుకున్నారు.

"స్నానం నీళ్లలా ఉన్నాయండీ," అన్నారు, ఎవరో తనకు అన్యాయం చేసినట్టు.

రూతుకు యాభై మార్కులకు పద్దెనిమిది వేశారు. సరిగ్గా పాసు, సీటు దక్కింది. మాకు తలా నలభై ఐదు. తప్పయినా ఇరవై ముగ్గురం ఒక్క మాట మీద నిలబడ్డాం కదా.

రేపల్లె రికార్డులో ఒక్క అక్షరం మారలేదు. మరుసటేడు లాబు గోడ మీద మాత్రం కొత్త బోర్డు వెలిసింది: కెలోరిమీటరులో వేళ్లు పెట్టరాదు.